స్పీకర్ల సమీక్షలో మా అత్తగారు

పగలు నేను కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి స్పీకర్లు వింటాను. మొదటిది పొట్టకూటికి, రెండోది పరువుకి. ఖరీదైన స్పీకర్ల మీద ఒక మాసపత్రికలో సమీక్షలు రాస్తానన్న సంగతి దుకాణానికి వచ్చేవాళ్ళకి నేనుగా చెప్పను. వాళ్ళే అడిగేట్టు చేస్తాను.

దుకాణంలో పని తేలిక. కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతాను. అప్పుడప్పుడు తీసిన అద్దాన్నే మళ్ళీ పెడతాను. "ఇదే నయమండీ, ఇందాకటిది మసగ్గా ఉంది" అంటారు. మనుషులు ఎంత తేలిగ్గా బోల్తా పడతారో అనుకుని లోపల్లోపల నవ్వుకుంటాను. ఆ తర్వాత ఇంటికొచ్చి, స్పీకర్లకి ఉన్న తీగ తీసి ఇంకో ఖరీదైన తీగ పెట్టి, కళ్ళు మూసుకుని విని, "ఆహా, ఇందాకటిది మసగ్గా ఉంది" అని రాసుకుంటాను. ఈ రెండింటికీ ఏదైనా చుట్టరికం ఉందేమోనన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. ఎవరైనా చెప్పినా పెడచెవిన పెట్టేవాణ్ణి. అంత గొప్ప చెవులు నావి.

మా ఇంట్లో కింద ఉన్న ఒకే ఒక్క పెద్ద గది నాది. అందులో కుర్చీ ఒక్కటే ఉంటుంది. రెండు స్పీకర్లకీ సమానమైన దూరంలో టేపు పట్టి కొలిచి వేసిన కుర్చీ అది. అందులో కూర్చుంటే పాడే మనిషి సరిగ్గా మన ఎదుట గాల్లో నిలబడి పాడుతున్నట్టుంటుంది. జానెడు పక్కకి జరిగితే ఆ మనిషి వెళ్ళి ఒక పెట్టెలో దూరతాడు. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఇంకో కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకుంది. "అక్కడ నీకు సరిగ్గా వినపడదు" అన్నాను. "నాకు వినాలని లేదు, మీ పక్కన కూర్చోవాలని ఉంది" అంది. ఆ రెండో కుర్చీ వీపుకి తగిలి శబ్దం ఎలా చెదిరిపోతుందో నేను బొమ్మ గీసి మరీ వివరించాను. ఆవిడ మొత్తం విని, కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గదిలో కూర్చోలేదు.

ఆ గదికి సమీక్ష కోసం గంభీరంగారి స్పీకర్లు వచ్చాయి. స్పీకర్లు తయారుచేసే ఆ పెద్దమనిషి గొంతు ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు ఉంటుంది కాబట్టి మా స్పీకర్ల పిచ్చోళ్ళంతా ఆయన్ని గంభీరంగారు అంటాం. ఒక్కొక్కటీ నా అంత ఎత్తు, నాకంటే బరువు. నలుగురు మనుషులు మోసుకొచ్చి పెట్టారు. జత ధర చెబితే మా ఆవిడ "అందులో మనం కాపురం ఉండొచ్చా?" అని అడిగింది.

పాట పెట్టాను. గొంతులు బాగున్నాయి, తీగల వాద్యాలు బాగున్నాయి. బేస్, అంటే కింది స్థాయి మోత, దగ్గర మాత్రం కొంప మునిగింది. డోలు మీద ఒక్క దెబ్బ పడితే చాలు, గదంతా బొంయ్‌మని మోగడం. దెబ్బ అయిపోయినా ఆ మోత పోదు, పిలవని చుట్టంలా అక్కడే తిష్ఠ వేస్తుంది. స్పీకర్లని అటు జరిపాను, ఇటు జరిపాను. లాభం లేకపోయింది. గంభీరంగారిని నా సమీక్షలో ఉతికి ఆరేద్దామని నిశ్చయించుకున్నాను. నిజం చెప్పాలంటే ఉత్సాహంగానే ఉంది. పొగడటం కంటే ఉతకడంలోనే సమీక్షకుడి తెలివి బాగా కనిపిస్తుంది.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు కిందపడ్డారు.

ఆవిడ ఒక్కరే ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో. స్నానాలగదిలో జారి పడి, లేవలేక, మగ్గుతో గోడ మీద కొడుతూ మధ్యాహ్నమంతా పిలిచారట. ఒక్కరికీ వినపడలేదు. విప్పిన కుళాయి విప్పినట్టే ఉండి నీళ్ళు కింది ఇంట్లోకి కారితే, వాళ్ళు పోట్లాడటానికి పైకొచ్చి చూశారు. తుంటి ఎముకకి ఆపరేషన్ చేశారు.

"అమ్మని మనింటికే తీసుకొస్తున్నాను. మెట్లెక్కలేదు కాబట్టి కింద మీ గదిలో మంచం వేయిస్తాను" అంది మా ఆవిడ.

"గంభీరంగారి స్పీకర్లు ఉన్నాయి కదా" అన్నాను.

"వాటికి కూడా తుంటి విరిగిందా?"

ఆవిడ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"చూడండీ, అసలు సంగతి మంచం కాదు. లేచి నాలుగడుగులు వేయగానే మళ్ళీ ఆ మూడో అంతస్తుకే పోతానంటోంది. ఈసారి పడితే ఎవరు చూస్తారు? నేను చెప్తే వినదు. కూతురు ఎలాగూ ఉండమంటుంది, అల్లుడి మనసులో ఏముందో ఏమో అనుకుంటుంది. మీరు ఉండమనాలి. ఊరికే పైపైన అంటే పసిగట్టేస్తుంది. మనసులోంచి అనాలి."

"అంటాను."

"ఎప్పుడు?"

"ఈ సమీక్ష ఒకటి అయిపోనీ."

మా ఆవిడ నా వంక చూసిన చూపుకి అర్థం రాయాలంటే నాకు ఇంకో నాలుగు పేజీలు కావాలి.

అత్తగారు వచ్చారు. ఆవిడతోపాటు ఆవిడ పరుపు కూడా వచ్చింది. మెత్తటి కొత్తరకం పరుపులు ఆవిడ నడుముకి పడవట. ఇది పాతకాలపు దూది పరుపు, మందంగా, ఇద్దరు పట్టుకుంటేగానీ లేవనంత బరువు. నా కుర్చీకి వెనక, గది మూలలో మంచం వేసి దాన్ని పరిచారు. పక్కన పట్టుకుని నడిచే స్టాండు, మందుల బల్ల, రెండు బొంతలు. నా గది కాస్తా ఆసుపత్రి వార్డైపోయింది. నేను ముఖం మాడ్చుకుని తిరిగాను.

ఆవిడ మాత్రం నేను గదిలోకి రాగానే కాళ్ళు ముడుచుకునేవారు. విరిగిన తుంటితో ముడుచుకోకూడదని డాక్టరు చెప్పినా సరే. "మీ పాటలు మీరు వినండి బాబూ, నాకోసం ఆపకండి. నేను నిద్రపోతాను" అని గోడవైపు తిరిగేవారు. ఒకసారి మర్యాదకి "ఎలా ఉందండీ అత్తయ్యగారూ?" అని అడిగాను.

"చాలా బాగుంది బాబూ. పక్కింట్లో ఎవరో పాడుకుంటున్నట్టే ఉంది."

ఇంత ధర పెట్టి చేసిన స్పీకర్లని పట్టుకుని పక్కింటి పాట అంటారా అని నాకు ఒళ్ళు మండింది. పక్కింట్లో నిజంగా మనిషి పాడితే ఎలా ఉంటుందో అలా ఉందని చెప్పడం కంటే స్పీకరుకి ఇవ్వగల మెప్పు ఇంకేదీ లేదని నాకు తట్టలేదు. నాకు తట్టేవి వేరే ఉంటాయి.

ఉదాహరణకి, ఆ వారంలోనే నాకు ఒకటి తట్టింది. బేస్ మోత తగ్గిపోయింది! డోలు దెబ్బ పడుతోంది, తెగుతోంది, పోతోంది. చేత్తో తుడిచినంత శుభ్రంగా ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మాలాంటివాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంది. కొత్త స్పీకర్లు మొదట బిగుసుకుని ఉంటాయి, చాలాకాలం మోగించగా మోగించగా వదులై అసలు గుణం బయటపెడతాయి అని. అదే జరిగిందనుకున్నాను. ఉతికి ఆరేసిన కాగితాలు చించేసి, కొత్తగా నాలుగు పేజీలు రాశాను. "ఓపిక పట్టిన చెవికి మాత్రమే ఈ స్పీకర్లు తమ గుండె విప్పి చూపిస్తాయి" అని మొదలుపెట్టాను. మళ్ళీ చదువుకుంటే ఆ వాక్యం నాకే ముద్దొచ్చింది.

అయితే ఒక్క లోపం కూడా చూపకపోతే సమీక్షకుడికి గౌరవం ఉండదు. అదృష్టం కొద్దీ ఒకటి దొరికింది. పాట బాగా గట్టిగా మోగే చోట, వెనకాల ఎక్కడో చిన్న గరగర. మెల్లగా ఉన్నచోట లేదు. వాద్యాలన్నీ ఒక్కసారి లేచినప్పుడు మాత్రమే వస్తుంది. "పెట్టె బిగింపులో ఏదో బలహీనత ఉంది, మామూలు చెవికి అందకపోవచ్చు" అని రాశాను.

పత్రిక బయటికి రాగానే గంభీరంగారు ఫోన్ చేశారు. మొదటి మూడున్నర పేజీల పొగడ్త గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

"నా పెట్టెలో గరగరా? మీ యాంప్లిఫయర్‌లో ఉందేమో చూసుకోండి."

"నా చెవి ఇంతవరకూ తప్పు చెప్పలేదండీ."

"అయితే మీ ఇంటికే వస్తాను. నా ముందు వినిపించండి."

ఆయన వచ్చేరోజు నేను దుకాణం నుంచి తొందరగా బయల్దేరి ఇంటికొచ్చేసరికి నా గది పూర్వంలా ఖాళీగా మెరిసిపోతోంది. మంచం లేదు. పరుపు వరండాలో ఎండలో ఆరుతోంది. అత్తగారు ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన స్టాండు, కాళ్ళ దగ్గర సంచి.

"పెద్దమనిషి వస్తున్నారట కదా బాబూ. మధ్యలో రోగిష్టి మంచమేంటని నేనే తీయించాను. ఎలాగూ ఇప్పుడు నడుస్తున్నాను. రేపోమాపో నా ఇంటికి నేను పోతాను" అన్నారు.

నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చినట్టైంది. ఇంతకాలానికి నా గది నాకు దొరికింది. వెళ్ళి కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని పాట పెట్టాను.

బొంయ్.

పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టైంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ బొంయ్. స్పీకర్లు అవే, తీగలు అవే, కుర్చీ అదే. మారిందల్లా ఆ మూల. గదిలో మూలల్లో బేస్ పోగవుతుందని, దూది లాంటిది అడ్డం ఉంటే పీల్చుకుంటుందని నేనే నాలుగేళ్ళుగా పత్రికలో రాస్తున్నాను. రాసినంత మాత్రాన బుర్రకెక్కాలని ఎక్కడా లేదు. ఇంకాసేపట్లో గంభీరంగారు వస్తారు. నేను ఆకాశానికెత్తిన బేస్ ఆయన చెవుల్లో బొంయ్‌మంటుంది. ఊళ్ళో నలుగురూ చెవులు కొరుక్కుంటారు.

ముందుగదిలోకి పరిగెత్తాను. "అత్తయ్యగారూ, మీరు మళ్ళీ ఆ గదిలోకి రావాలి."

"ఎందుకు బాబూ?"

పరుపు కావాలి అని అనొచ్చు. కానీ మనిషిని బయట కూర్చోబెట్టి ఆవిడ పరుపు మాత్రం లోపలికి తీసుకుపోతానని ఏ నోటితో అనను? అందుకని, "మీరు లేకపోతే ఆ గది గదిలా లేదండీ. మీరు రావాల్సిందే" అన్నాను.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నా ముఖం కేసి, తర్వాత వరండాలో పరుపు కేసి నేను చూస్తున్న చూపు కేసి చూసింది.

గంభీరంగారు వచ్చేసరికి మంచం, పరుపు, పరుపు మీద అత్తగారు ఎక్కడివాళ్ళక్కడ ఉన్నారు. ఆయనకి నా కుర్చీ ఇచ్చి నేను వెనక నిలబడ్డాను. పాట గట్టిగా లేచే చోటికి రాగానే గరగర వచ్చింది.

"విన్నారా?" అన్నాను, రొమ్ము విరుచుకుని.

ఆయన ముఖం వాడిపోయింది. లేచి వెళ్ళి ఒక పెట్టెకి చెవి ఆనించారు, రెండో దానికి ఆనించారు. "మళ్ళీ పెట్టండి" అన్నారు. మళ్ళీ వచ్చింది. "ఇంకొక్కసారి." ఈసారి ఆయన రిమోట్ తన చేతిలోకి తీసుకున్నారు. వాద్యాలన్నీ ఒక్కసారి లేచాయి. గరగర మొదలవగానే ఆయన టక్కున ఆపేశారు.

పాట ఆగిపోయింది. గరగర ఆగలేదు.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో మా అత్తగారు దగ్గుతున్నారు. నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, ముఖమంతా ఎర్రబడి దగ్గుతున్నారు.

"ఏమనుకోకండి బాబూ" అన్నారు కాస్త తెరిపిన పడ్డాక. "ఆపరేషన్ అయినప్పటినుంచీ ఈ దగ్గొకటి. మెల్లగా పాడేటప్పుడు దగ్గితే మీకు అడ్డమని బిగబట్టుకుని, పెద్దగా మోగినప్పుడు దగ్గేస్తున్నాను. అప్పుడైతే వినపడదు కదా అని."

గంభీరంగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మంచం దగ్గరికి వెళ్ళి "అమ్మా, మీరు నా పరువు కాపాడారు" అంటూ వంగి, పరుపు మీద చెయ్యి వేశారు. నవ్వు ఆగిపోయింది. పరుపుని నొక్కి చూశారు. మూల కేసి చూశారు. నా కేసి చూశారు.

"ఈ పరుపు ఎప్పుడు వచ్చింది?"

"అత్తయ్యగారితోపాటు."

"బేస్ ఎప్పుడు బాగుపడింది?"

నేను కూడా ఆ మూల కేసే చూశాను.

"నా స్పీకర్లలో లోపం ఆవిడ దగ్గు. గొప్పతనం ఆవిడ పరుపు. అయితే మధ్యలో నేను చేసిందేమిటండీ? ఇంతకీ మీరు నాలుగు పేజీలు దేని మీద రాశారు?" అన్నారు ఆయన, పాతాళంలోంచి.

కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ అంది: "మా అమ్మ మీద."

ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. తేలు కుట్టిన దొంగ నవ్వితే ఎలా ఉంటుందో అలా. అత్తగారు కూడా నవ్వారు. కానీ నవ్వుతూనే ఆవిడ చేత్తో పరుపు అంచు తడుముతున్నారు. "మీరు లేకపోతే ఆ గది గదిలా లేదు" అని నేను ఎందుకన్నానో ఆవిడకి అర్థమైందని నాకు అర్థమైంది.

ఆ వారంలోనే గంభీరంగారి మనుషులు వచ్చి స్పీకర్లు తీసుకెళ్ళిపోయారు. అవి వెళ్ళేముందు ఆఖరిసారి నేను అదే పాట పెట్టుకున్నాను. ఈసారి స్పీకర్లని వినలేదు. గొంతులో దగ్గు వస్తున్నట్టు ఊహించుకుని, మెల్లగా పాడే భాగం మొదలైనప్పటినుంచి వాద్యాలు లేచేవరకూ ఊపిరి బిగబట్టి చూశాను. సగం కూడా గడవకముందే నా కళ్ళంట నీళ్ళు కారాయి. ఆవిడ ఆ పాటని నాతోపాటు ఎన్నిసార్లు విన్నారో! నా కుర్చీకి రెండడుగుల వెనక పడుకుని, గొంతు పగిలిపోతున్నా నా సుఖం కోసం ఆగారు. మామూలు చెవికి అందని లోపం పట్టేశానని నేను దాన్ని అచ్చేయించాను. నాకు సిగ్గేసింది. ఎవరికీ చెప్పుకోలేనంత సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న దుకాణానికి బయల్దేరుతుంటే గేటు ముందు టాక్సీ ఆగింది. అత్తగారు స్టాండు పట్టుకుని ముందుగదిలో నిలబడి ఉన్నారు. సంచి సర్దేసి ఉంది. మా ఆవిడ గోడకానుకుని నిలబడింది. ఏడ్చినట్టుంది.

"చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. ఇక నేను మాట్లాడను" అంది నాతో.

"వెళ్ళొస్తాను బాబూ" అన్నారు అత్తగారు. "చాలా ఇబ్బంది పెట్టాను. పరుపు ఇక్కడే ఉంచేస్తున్నాను. మీకు పనికొస్తుందిగా. నాకు అక్కడ పాతదొకటి ఉంది."

ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి ఎత్తిపొడవడం రాదు. నిజంగానే ఇచ్చేస్తున్నారు. బేస్ గురించి ముప్ఫై విశేషణాలు వాడగలిగిన నాకు, ఒక్క ముసలావిడని ఆపడానికి ఒక్క మాట దొరకలేదు.

"ఉండండి అత్తయ్యా" అన్నాను. చివర 'గారు' ఎక్కడ జారిపోయిందో తెలియదు.

"మర్యాదకి అంటున్నారు."

"కాదు."

"పరుపు ఉంచుతానన్నాను కదా బాబూ."

"పరుపుని తగలెయ్యండి! పరుపు తీసుకుపోయి మీరుండండి. అంటే... పరుపు అక్కడికి పంపించేసి... అబ్బ, నాకు సరిగ్గా చెప్పడం రావట్లేదు. మీరు వెళ్ళొద్దు. అక్కడ మళ్ళీ పడితే, పిలిస్తే, ఎవరికీ వినపడదు."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. పెళ్ళైనప్పటినుంచీ ఎప్పుడూ అలా సూటిగా చూడలేదు.

"ఇక్కడ పిలిస్తే మీకు వినపడుతుందా బాబూ?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగారు. బయట టాక్సీవాడు హారన్ కొట్టాడు.

"ఇన్నాళ్ళూ వినపడలేదు అత్తయ్యా" అన్నాను. "నా వెనకే ఉన్నా వినపడలేదు. ఇకనుంచి వింటాను."

ఆవిడ స్టాండుని మెల్లగా వెనక్కి తిప్పి, కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకున్నారు.

"పాపం ఆ టాక్సీ ఆయన్ని ఎంతసేపు నిలబెడతారు? వెళ్ళి పొమ్మని చెప్పండి" అన్నారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరిగెత్తాను.